స్టాంపు బ్లాకును చింపే ముందు: పర్ఫరేషన్ తేడాలు ఎలా చదవాలి

మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు పోయిన వేసవిలో ఓ పాత నోటుపుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మధ్య పేజీలో, పైన రెండు కింద రెండు, నాలుగు స్టాంపులు విడిపోకుండా అలాగే ఉన్నాయి. ఆలివ్ పచ్చ రంగు. నిజాం ప్రభుత్వం వేసిన ఒక అణా స్టాంపు.

"ఏమోయ్, ఇవి మా తాతగారి పెట్టెలో దొరికాయి. 1869 నాటివని మావాళ్లు అంటారు. నాకు నలుగురు మనవలు కదా, తలా ఒకటి చింపి ఇద్దామనుకుంటున్నా. ఎంత చేస్తాయో కాస్త చూసి చెప్పు."

"మాస్టారూ, ధర సంగతి తర్వాత చూద్దాం. ముందు చింపకండి" అన్నాను.

ఎందుకు చింపొద్దన్నానో చెప్పడానికి ఆ రోజు గంటన్నర పట్టింది. స్టాంపుల సేకరణలో కొత్తవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా తికమకపెట్టేది పర్ఫరేషన్, అంటే స్టాంపులు తేలిగ్గా విడదీయడానికి వాటి మధ్య పొడిచే ఈ చిల్లుల లెక్కే. రంగు తేడా కంటికి కనిపిస్తుంది. వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే ఉండే గుర్తు, వెలుతురుకు పెడితే కనిపిస్తుంది. పర్ఫరేషన్ తేడా మాత్రం కొలిస్తేనే తెలుస్తుంది, కొలిచాక కూడా ఆ అంకెకు అర్థం ఏమిటో తెలియాలి. నా అనుభవంలో, విడి స్టాంపు మీద ఎంత కొలిచినా తేలని సంగతులు కొన్ని బ్లాక్ చూస్తే నిమిషంలో తేలతాయి. బ్లాక్ అంటే కనీసం రెండు వరసల్లో రెండేసి స్టాంపులు విడదీయకుండా ఉన్న ముక్క. పక్కపక్కన రెండే ఉంటే జత, వరసగా పొడుగ్గా ఉంటే స్ట్రిప్.

మొదట్లో అసలు చిల్లులే లేవు. 1840 మే 6న బ్రిటన్‌లో చెలామణిలోకి వచ్చిన పెన్నీ బ్లాక్ షీటులో 240 స్టాంపులు ఉండేవి, వాటిని కత్తెరతో కత్తిరించాల్సిందే. మన దేశంలోనూ అంతే. 1852లో సింధ్‌లో వచ్చిన గుండ్రటి సింద్ డాక్ స్టాంపులకు గానీ, 1854లో కలకత్తాలో లితో (రాతి అచ్చు) పద్ధతిలో అచ్చు వేసిన అర్ధణా, అణా స్టాంపులకు గానీ చిల్లులు లేవు. తొందరలో కత్తిరించినవాళ్లు బొమ్మలోకే కోసేశారు. అందుకే ఆ కాలపు స్టాంపుల్లో నాలుగు వైపులా అంచు మిగిలినదానికి అంత గౌరవం.

ఈ కత్తెర బాధ తప్పించినవాడు హెన్రీ ఆర్చర్ అనే ఐర్లండ్ మనిషి. 1847లో ఆయన బ్రిటిష్ పోస్టల్ శాఖ ముందు తన ఆలోచన పెట్టాడు. మొదట చిన్న చిన్న బ్లేడ్లతో కాగితానికి గాట్లు పెట్టే యంత్రం ప్రయత్నించాడు. అది సరిగ్గా పని చేయలేదు. తర్వాత సూదులతో చిల్లులు పొడిచే యంత్రానికి మారాడు. 1853లో ప్రభుత్వం ఆయన పేటెంట్‌ను 4,000 పౌండ్లకు కొనుక్కుంది. 1854లో పెన్నీ రెడ్ స్టాంపులు చిల్లులతో వచ్చాయి, గేజ్ (చిల్లులు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) 16. అంటే చిల్లులు చాలా దగ్గరదగ్గరగా ఉండేవి. దాంతో షీట్లు అటూ ఇటూ తీసేటప్పుడే విడిపోవడం మొదలైంది. 1855లో గేజ్‌ను 14కు తగ్గించారు. బొమ్మ అదే, రంగు అదే, ధర అదే, చిల్లులు మాత్రం వేరు. ఈ రోజు మనం పడే గేజ్ గొడవ అక్కడే మొదలైంది.

ఇదే కథ అమెరికాలోనూ జరిగింది. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ తలలతో 1908 నుంచి వచ్చిన మామూలు స్టాంపులకు మొదట గేజ్ 12 ఉండేది. షీట్లు ముందే చిరుగుతున్నాయని 1914లో 10 చేశారు. ఇప్పుడు చింపడం కష్టమైపోయింది. చివరికి 1917లో 11 దగ్గర స్థిరపడ్డారు. ఆ స్టాంపులు సేకరించేవాళ్లు గేజ్ లేకుండా అడుగు ముందుకు వేయలేరు. గేజ్ ఎప్పుడు మారిందో తెలిస్తే ఆ స్టాంపు ఏ కాలానిదో తెలుస్తుంది. ఎందుకు మారిందో తెలిస్తే అంకెలు గుర్తుంటాయి కూడా.

ఇంతకీ ఈ 14, 12 అంటే ఏమిటి? 1866లో పారిస్‌కు చెందిన లెగ్రాన్ అనే ఆయన ఒక కొలత ప్రతిపాదించాడు. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు పడతాయో అదే గేజ్. స్టాంపు ఎంత పొడవున్నా, ఎంత పొట్టిగా ఉన్నా, లెక్క ఎప్పుడూ రెండు సెంటీమీటర్లకే. వాకిట్లో ముగ్గు పెట్టేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకే జానెడు చోటులో చుక్కలు దగ్గరగా పెడితే ఎక్కువ పడతాయి, ఎడంగా పెడితే తక్కువ పడతాయి. గేజ్ 10 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య సరిగ్గా 2 మిల్లీమీటర్లు. 12½ అంటే 1.6 మిల్లీమీటర్లు. 16 అంటే 1.25. అంకె పెరిగేకొద్దీ చిల్లులు దగ్గరవుతాయి, చింపడం తేలికవుతుంది, షీటు బలహీనపడుతుంది.

ఇక్కడ ఒక మాట. గేజ్ చెప్పేది చిల్లుల మధ్య దూరమే, చిల్లు సైజు కాదు. ఒకే గేజ్‌లో పెద్ద చిల్లులు, చిన్న చిల్లులు రెండూ ఉండొచ్చు. పెద్ద చిల్లులైతే మిగిలే పళ్లు సన్నగా, చిన్నవైతే పళ్లు లావుగా ఉంటాయి. చూడగానే "ఇది వేరే గేజ్" అనిపిస్తుంది. కొలిస్తే అదే గేజ్.

రెండంకెలు రాస్తే, ఉదాహరణకు 14×13½ అని ఉంటే, మొదటిది పైనా కిందా ఉన్న అంచులది, రెండోది పక్క అంచులది. నాలుగు వైపులా వేర్వేరుగా ఉంటే పై అంచు నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కున రాస్తారు. కేటలాగుల్లో మధ్యనుండే గుర్తును కూడా జాగ్రత్తగా చదవాలి. "11½×12" అంటే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండూ ఖచ్చితంగా. "11½–12" అంటే ఆ యంత్రం సూదులే సమంగా లేవు, ఒకే అంచున కొలత అటూ ఇటూ ఊగుతుంది. "11½, 12" అంటే ఆ స్టాంపు రెండు గేజుల్లో విడివిడిగా దొరుకుతుంది. ఈ చిన్న గుర్తులను పట్టించుకోకుండా చదివి, ఉన్నదాన్ని లేని వెరైటీగా అనుకుని డబ్బు పోసినవాళ్లను చూశాను. మొదట్లో నేనూ ఒక వ్యాపారి మాట నమ్మి అలాగే ఒక జత కొన్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈ అంకెను స్టాంపుకు పుట్టుకతో వచ్చిన గుణంగా చూడటం వల్లే సగం తికమక. అది యంత్రం వదిలి వెళ్లిన గుర్తు. ఆ యంత్రం ఎలా పని చేసిందో తెలిస్తే మిగతాది వరసగా విడిపోతుంది.

పర్ఫరేషన్ యంత్రంలో పైన సూదుల వరస, కింద ఆ సూదులు సరిగ్గా దూరే రంధ్రాల పలక. మధ్యలో కాగితం. చాలా చోట్ల ఒకేసారి అనేక షీట్లు దొంతరగా పెట్టి కొట్టేవాళ్లు. సూదులు మొద్దుబారితే చిల్లులు గరుకుగా, పూర్తిగా తెగకుండా పడతాయి. దొంతరలో అడుగున ఉన్న షీటుకు ఒక్కోసారి నొక్కు మాత్రమే పడుతుంది, చిల్లు పడదు. సూది ఒకటి విరిగిపోతే ప్రతి దెబ్బకూ అదే చోట చిల్లు లేకుండా పోతుంది.

సూదుల అమరిక ప్రధానంగా మూడు రకాలు. మొదటిది లైన్ పర్ఫ్. దీనిలో సూదులన్నీ ఒకే గీతలో ఉంటాయి. ఒక దెబ్బకు ఒక గీత. ముందు అడ్డంగా అన్ని గీతలూ కొట్టి, తర్వాత షీటు తిప్పి నిలువు గీతలు కొడతారు. దారం లేని కుట్టు మిషన్ కింద కాగితం పెట్టి అడ్డంగా, నిలువుగా గళ్లు కుట్టినట్టు అన్నమాట. రెండోది కోంబ్ పర్ఫ్, దువ్వెన. పొడవాటి వరస ఒకటి, దానికి దువ్వెన పళ్లలా నిలువు వరసలు. ఒక్క దెబ్బకు ఒక వరస స్టాంపులన్నిటికీ మూడు వైపులా చిల్లులు పడతాయి, నాలుగో వైపు తర్వాతి దెబ్బకు పూర్తవుతుంది. మూడోది హారో, అంటే పొలంలో వాడే పళ్లగొర్రులా మొత్తం షీటుకూ ఒకేసారి దిగేది.

ఇప్పుడు బ్లాక్ దగ్గరికి రండి. నాలుగు స్టాంపులు కలిసే ఆ మధ్య బిందువును చూడండి. లైన్ పర్ఫ్ అయితే అడ్డ గీత, నిలువు గీత వేర్వేరు దెబ్బలకు పడ్డాయి కాబట్టి అవి కలిసే చోట సరిగ్గా ఒకే చిల్లు పడటం అదృష్టమే. చాలాసార్లు రెండు చిల్లులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి వికారంగా ఉంటాయి, లేదా దగ్గరదగ్గరగా పడి మధ్యలో సన్నటి పోగు మిగులుతుంది. కోంబ్ పర్ఫ్ అయితే మధ్యలో ఒకే చిల్లు, గుండ్రంగా, శుభ్రంగా, నాలుగు స్టాంపులకూ సమానంగా ఉంటుంది. విడి స్టాంపులో ఇదే సంగతి మూలలను బట్టి ఊహించాలి. మూల పన్ను ఒకటి లావుగా ఒకటి సన్నగా ఉంటే లైన్ అని, నాలుగు మూలలూ ఒకేలా ఉంటే కోంబ్ అని. కానీ మూలలే మొదట నలుగుతాయి, మొదట చిరుగుతాయి. బ్లాక్ మధ్యలో ఉన్న చిల్లు మాత్రం నాలుగు వైపులా కాగితం కాపలా కాస్తుండగా అచ్చు రోజున ఎలా పడిందో అలాగే ఉంటుంది.

బ్లాక్‌కు షీటు అంచు కూడా అతుక్కుని ఉంటే ఇంకా మంచిది. నిలువు చిల్లుల వరస అంచులోకి ఎంత దూరం వెళ్లిందో చూడాలి. చివరిదాకా దూసుకుపోయిందా, ఒక్క చిల్లు మాత్రమే బయటికి వచ్చి ఆగిపోయిందా, అసలు అంచులోకి రాలేదా? యంత్రం ఏ రకమో, షీటు ఏ వైపు నుంచి లోపలికి వెళ్లిందో ఆ అంచే చెబుతుంది. మన దేశంలో చాలామంది సేకర్తలు రంగు చుక్కలున్న అంచు బ్లాకులను "ట్రాఫిక్ లైట్ బ్లాక్" అని ముద్దుగా పిలుస్తూ ఆ రంగుల కోసమే దాచుకుంటారు. ఆ రంగు చుక్కల పక్కనే ఉన్న చిల్లులను కూడా ఒక్కసారి చూడమని నా మనవి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ న్యూజిలాండ్‌ది. 1915 నుంచి అక్కడ ఐదో జార్జ్ తలతో వచ్చిన, చెక్కుడు పలకతో అచ్చైన స్టాంపులు చాలా విలువల్లో రెండు గేజుల్లో దొరుకుతాయి. ఒకటి 14×13½, రెండోది 14×14½. మామూలుగా రెండు గేజులంటే రెండు కాలాలనో, రెండు యంత్రాలనో, రెండు విడతల అచ్చులనో అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఒకే షీటులో కొన్ని వరసలకు ఒక గేజ్, మిగతా వరసలకు ఇంకో గేజ్. ఆ వరసలు మారే చోట ఒక నిలువు జత తీసుకుంటే పై స్టాంపు ఒక గేజ్, దాన్ని అంటుకునే ఉన్న కింది స్టాంపు ఇంకో గేజ్. సేకర్తలు దీన్ని "టూ-పర్ఫ్ జత" అంటారు. కేటలాగులో దానికి విడిగా చోటుంది.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ జతను మధ్యలో చింపేస్తే చేతిలో మిగిలేవి రెండు మామూలు స్టాంపులు. వాటి గేజ్‌లు వేరని కొలిచి చెప్పొచ్చు, కానీ అవి ఒకే షీటులో, ఒకదాని కింద ఒకటి పుట్టాయన్న సాక్ష్యం ఆ చింపడంతోనే పోయింది. దాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు. ఇంకో విశేషం, అడ్డంగా కొలిస్తే రెండూ 14. తేడా అంతా పక్క అంచుల్లోనే. పై అంచు మాత్రమే కొలిచి "ఇది 14" అని పక్కన పెట్టేసేవాళ్లకు ఈ తేడా జీవితంలో కనపడదు. అందుకే ప్రతి స్టాంపుకూ రెండు దిక్కులా కొలవాలని పట్టుబడతాను.

బ్రిటిష్ ఇండియా స్టాంపుల్లో ఇంత గందరగోళం లేదు. 1855 నుంచి లండన్‌లోని డి లా ర్యూ కంపెనీ అచ్చు వేసినవి దాదాపు అన్నీ గేజ్ 14. తర్వాత 1920ల మధ్యలో నాసిక్‌లో ఇండియా సెక్యూరిటీ ప్రెస్ వచ్చి పని ఇక్కడికి మారింది. అసలు రుచి సంస్థానాల స్టాంపుల్లో ఉంది. తిరువాన్కూరు స్టాంపులు 11, 12, 12½ గేజుల్లోనూ, వాటి కలగలుపుల్లోనూ దొరుకుతాయి. మన హైదరాబాద్ సంగతి ఇంకా చిత్రం.

నిజాం ప్రభుత్వపు తొలి స్టాంపు ఒక అణా ఆలివ్ పచ్చది, 1869లో వచ్చింది. మరుసటి ఏడాది అర్ధణా, రెండణాల స్టాంపులు వచ్చాయి. వీటి గేజ్ 11½. అయితే 1880లో ఇవే స్టాంపులను మళ్లీ అచ్చు వేశారు, తెల్ల కాగితం మీద. అసలు రంగుల్లోనూ వేశారు, ఎప్పుడూ చెలామణిలో లేని వింత రంగుల్లోనూ వేశారు. వింత రంగులైతే చూడగానే పట్టేయొచ్చు. అసలు రంగులో ఉన్నదాన్ని ఎలా పట్టుకోవాలి? ఆ రీప్రింట్ల గేజ్ 12½. అంటే పదకొండేళ్ల తేడాతో పుట్టిన రెండు స్టాంపులను వేరు చేసేది రెండు సెంటీమీటర్లకు ఒక్క చిల్లు.

దీంతో చాలామంది ఒక సూత్రం రాసేసుకుంటారు, హైదరాబాద్ స్టాంపు 12½ ఉంటే రీప్రింట్ అని. అది తప్పు. 1871 నుంచి వచ్చిన, సేకర్తలు "స్కెలిటన్" అని పిలిచే రకం 11½లోనూ 12½లోనూ వచ్చింది, రెండూ అసలువే. అక్కడ 12½ మామూలు సంగతి. 20వ శతాబ్దంలో వచ్చిన నిజాం స్టాంపులు 11 నుంచి 13½ దాకా పలు గేజుల్లో ఉన్నాయి. చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్ బొమ్మలతో 1931లో వచ్చిన సిరీస్ దగ్గరికి వచ్చేసరికి గేజ్ 13½. ఒకే సంస్థానంలో ఒకే అంకెకు ఒక చోట ఒక అర్థం, ఇంకో చోట ఇంకో అర్థం. అంకెను దాని స్టాంపుతో కలిపే చదవాలి.

మాస్టారి బ్లాక్‌ను టేబుల్ మీద పెట్టి, నా దగ్గరున్న గేజ్ పలక కాకుండా కావాలనే పిల్లల స్కేలు తెచ్చాను. ఆయన జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఆయన చేతే కొలిపించాలనిపించింది. విడి స్టాంపు అంచు రెండున్నర సెంటీమీటర్లు ఉంటేనే గొప్ప. గేజ్ 14కీ 14½కీ మధ్య తేడా చిల్లుకు 0.05 మిల్లీమీటరు. అంత సన్నటి తేడా చిన్న అంచు మీద కంటికి ఆనదు. బ్లాక్ అయితే రెండు స్టాంపుల పొడవు వస్తుంది, నాలుగు సెంటీమీటర్లు ధారాళంగా కొలవొచ్చు. గేజ్ 14 అయితే ఆ నాలుగు సెంటీమీటర్లలో 28 ఖాళీలు, 14½ అయితే 29. ఒక పూర్తి ఖాళీ తేడా! చేతిలో ఏ ప్రత్యేక పరికరమూ లేకపోయినా దొరికిపోతుంది.

ఖాళీలు అన్నాను, చిల్లులు అనలేదు. కంచెకు పది గుంజలు పాతితే మధ్య ఖాళీలు తొమ్మిదే కదా. అలాగే స్కేలు సున్నా మీద పెట్టిన మొదటి చిల్లును సున్నాగానే లెక్కించాలి. చిల్లు నడిమి నుంచి చిల్లు నడిమికి కొలవాలి. మొదటి చిల్లును ఒకటి అని మొదలుపెడితే గేజ్ అర అంకె ఎక్కువ వచ్చి, లేని వెరైటీ పుట్టుకొస్తుంది.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని, భూతద్దం పెట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. 25 ఖాళీలు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టారు. 25. రెండుతో భాగిస్తే 12½. పక్క అంచూ అంతే.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆయన మౌనాన్ని పోగొట్టడానికి వేరే సంగతులు చెప్పాను. కేటలాగుల తగాదా గురించి కొత్తవాళ్లు తరచుగా అడిగేదే ఆయనా అడిగారు, "ఒక పుస్తకంలో 14 అని, ఇంకోదానిలో 13¾ అని ఎందుకుంటుంది?" అని. స్టాంపు ఒకటే, రాసే పద్ధతి వేరు. స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగు సంప్రదాయంగా దగ్గరి అరకు సరిచేసి రాస్తుంది. జర్మనీ వాళ్ల మిషెల్ కేటలాగు పావు దాకా రాస్తుంది. దానిలో 13¾ అన్నది దీనిలో 14 అవుతుంది. కాబట్టి రెండు పుస్తకాల్లో రెండు అంకెలు కనిపించగానే రెండు రకాల స్టాంపులున్నాయని అనుకోకూడదు. ఒకే పుస్తకంలో ఒకే స్టాంపు కింద రెండు అంకెలు విడిగా ఉంటేనే అది నిజమైన తేడా.

కాగితం కూడా మోసం చేస్తుంది. నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన స్టాంపు కొంచెం కుదించుకుపోవచ్చు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తేమకు కాగితం సాగుతుంది. నూటికి ఒక వంతు కుదించుకుపోతే చాలు, 14 కాస్తా 14.14 అవుతుంది. పావు కంటే తక్కువ తేడా వస్తే నేను దాన్ని కాగితం ఖాతాలో వేసి వదిలేస్తాను, యంత్రం ఖాతాలో వేయను.

స్వతంత్ర భారత స్టాంపుల్లో కూడా చిల్లులు చదవడం నేర్పే మంచి పాఠం ఒకటుంది. 1949 ఆగస్టు 15న వచ్చిన పురావస్తు సిరీస్. అజంతా, కోణార్క, నటరాజు, సాంచి, తాజ్‌మహల్ బొమ్మలు. చిన్న విలువలు గేజ్ 14, మధ్య విలువలు 13½. పెద్ద విలువల్లో చిత్తోడ్ విజయస్తంభం ఉన్న రూపాయి, కుతుబ్ మీనార్ ఉన్న పది రూపాయలు 14×13½. ఎర్రకోట ఉన్న రెండు రూపాయలు, తాజ్‌మహల్ ఉన్న ఐదు రూపాయలు 13½×14. అంకెలు తారుమారు అయ్యాయి, గమనించారా? స్తంభం, మీనార్ నిలువు బొమ్మలు. కోట, తాజ్ అడ్డం బొమ్మలు. నిలువు స్టాంపును పక్కకు పడుకోబెడితే అడ్డం స్టాంపు, 14×13½ కాస్తా 13½×14. కేటలాగులో ఈ రెండు అంకెలనూ వేర్వేరు కొలతలుగా బట్టీపట్టే బదులు బొమ్మ దిక్కు చూస్తే చాలు.

అంతకు ఏడాది ముందు, 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ స్టాంపులు నాసిక్‌లో కాదు, స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే ప్రెస్‌లో అచ్చయ్యాయి. గేజ్ 11½. ఆ గాంధీ స్టాంపుల్లో పది రూపాయలదానికి ఎంత గిరాకీయో అందరికీ తెలుసు, నకిలీలు కూడా ఉన్నాయి. దాన్ని ఎవరైనా చూపిస్తే నేను బొమ్మ కంటే ముందు అంచే కొలుస్తాను.

నకిలీల మాట వచ్చింది కాబట్టి చిల్లులు లేని స్టాంపుల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పొరపాటున చిల్లులు పడకుండా బయటికి వచ్చిన షీట్లు ఉంటాయి, వాటికి విలువ ఎక్కువ. ఆ ఆశ చూపించి, పళ్లున్న స్టాంపు నాలుగు అంచులూ కత్తెరతో నీటుగా కత్తిరించి "చిల్లుల్లేని ఎర్రర్" అని అమ్మేవాళ్లూ ఉంటారు. విడి స్టాంపులో దీన్ని నిరూపించడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న నియమం, చిల్లుల్లేని తప్పును జతగా లేదా బ్లాక్‌గా ఉంటేనే ఒప్పుకోవాలి. రెండు స్టాంపుల మధ్య ఖాళీ తెల్ల కాగితం, దాని మీద చిల్లు గుర్తే లేకపోవడం, అదీ సాక్ష్యం. అప్పుడు కూడా బ్లాక్‌ను వెనక్కి తిప్పి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోవాలి. సూది నొక్కులు కనిపిస్తే అది చిల్లుల్లేనిది కాదు, చిల్లు సరిగ్గా తెగనిది మాత్రమే. విలువలో ఆ రెంటికీ చాలా దూరం.

చిల్లులు పక్కకు జరిగిపోయి బొమ్మ మధ్యలో నుంచి వెళ్లినవి ఇంకో సంగతి. అది గేజ్ తేడా కానే కాదు. యంత్రం సరైనదే, షీటు వంకరగా వెళ్లింది. ఒక వరస చిల్లులు రెండుసార్లు పడటం, షీటు మూల మడతపడి చిల్లులు ఏటవాలుగా పోవడం కూడా ఆ కోవలోవే. ఇలాంటివి చూడముచ్చటగా ఉంటాయి. కానీ బయట ఎవరో సొంతంగా ఒక వరస పొడిచి అమ్మే అవకాశం ఉంది. బ్లాక్ పెద్దదై, అంచుతో సహా ఉంటే ఆ వంకర మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా సాగుతుందో లేదో చూడొచ్చు.

బ్లాకులనే మోసంగా తయారు చేసేవాళ్లూ ఉన్నారు. విడిపోయిన స్టాంపులను వెనక హింజ్ (ఆల్బంలో స్టాంపు అతికించే చిన్న జిగురు కాగితం) ముక్కలతో అతికించి బ్లాక్‌గా చూపిస్తారు. చిల్లుల మధ్య వంతెనలు తెగి ఉంటాయి, ముందు నుంచి చూస్తే తెలియదు. కొనేముందు వెనక్కి తిప్పి, భూతద్దంతో ప్రతి వంతెననూ చూడండి. మన దగ్గరున్న మంచి బ్లాకులను మడతపెట్టకుండా, చిల్లుల మీద హింజ్ అతికించకుండా, గాలి చొరబడే మౌంట్‌లో (స్టాంపులు దాచే తొడుగులో) పరిచి పెట్టుకోవడం ఒక్కటే వాటికి మనం చేయగలిగిన సేవ.

"అయితే ఇది 1869ది కాదన్నమాట" అన్నారు మాస్టారు చివరికి.

"కాదండీ. 1880 రీప్రింట్. కానీ నలిగిపోకుండా నాలుగూ కలిసి ఉన్నాయి చూడండి. విడదీసి ఉంటే మనం ఇలా స్కేలుతో కొలిచేవాళ్లమే కాదు."

ఆయన స్కేలు మళ్లీ తీసుకుని, ఈసారి కింది అంచు కూడా లెక్కపెట్టారు. తర్వాత నా దగ్గర పెన్సిల్ అడిగి, నోటుపుస్తకంలో ఆ బ్లాక్ కింద గుండ్రటి దస్తూరితో "1880, 12½" అని రాసి, పక్కన నలుగురు మనవల పేర్లూ రాశారు.